సముద్రానికి ఆ రంగు ఎలా వచ్చింది?

1920ల నాటి లండన్‌ను రంగుల్లో చూపించే చిన్న వీడియో ఒకటి ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో చేతులు మారుతోంది. థేమ్స్ నది మీద పడవలు, ఎర్ర బస్సులు, టోపీలు పెట్టుకుని నడిచే జనం కనిపిస్తారు. చాలాచోట్ల దాని కింద 1927 అని రాసి ఉంటుంది. అది క్లాడ్ ఫ్రీస్-గ్రీన్ 1924-26 మధ్య తీసిన ‘ది ఓపెన్ రోడ్’ అనే యాత్రా చిత్రమాలలోని లండన్ భాగం. బ్రిటన్‌కు నైరుతి కొసన ఉన్న లాండ్స్ ఎండ్ నుంచి ఉత్తరాన జాన్ ఓ గ్రోట్స్ వరకు కారులో వెళ్తూ, దారిలో వచ్చే పల్లెలు, కొండలు, రేవులు, సముద్ర తీరాలను పట్టుకున్న చిత్రాలవి. పదేసి నిమిషాల 26 భాగాలుగా వారం వారం సినిమా హాళ్లలో వెయ్యాలని అనుకున్నారు.

వీడియో చూసినవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం, ఈ రంగులు తర్వాతెప్పుడో కంప్యూటర్‌తో వేశారేమోనని. వెయ్యలేదు. రంగును కెమెరాలోనే పట్టుకున్నారు. అయితే తెర మీద కనిపించే రంగులో ఆ ఊరిది ఎంత, దాన్ని పట్టుకున్న పద్ధతిది ఎంత అన్నది విడదీసి చూడాల్సిన సంగతి. పాత యాత్రా చిత్రాల్లో కొండలు దూరంగా ఉండటం, కెమెరా కదలకుండా నిలబడటం, సముద్రం ఎప్పుడూ ఒకే నీలి ఆకుపచ్చలో ఉండటం ఛాయాగ్రాహకుడి అభిరుచి వల్లే జరగలేదు. ఆనాటి ఫిల్మ్ దేన్ని పట్టగలదు, దేన్ని పట్టలేదు అన్న లెక్కే చాలావరకు ఆ దృశ్యాలను ఎంచింది. ఆ లెక్క తెలిస్తే ఈ చిత్రాలు ఇంకా బాగా అర్థమవుతాయి, ఇంకా ఇష్టమవుతాయి కూడా.

కుంచె, స్టెన్సిల్, తిరిగే చక్రం

ఊళ్లను, ప్రకృతిని చూపించడం సినిమా పుట్టిన మొదటి రోజుల్లోనే మొదలైంది. 1890ల చివర్లో రైలింజను ముందు కెమెరా కట్టి, పట్టాల వెంట ముందుకు దూసుకుపోతున్నట్టు తీసిన చిత్రాలకు ‘ఫాంటమ్ రైడ్’ అని పేరు. ఉత్తర వేల్స్‌లోని కాన్వే కోట మీదుగా వెళ్లే రైలు నుంచి 1898లో బయోగ్రాఫ్ కంపెనీ తీసిన చిత్రం వీటిలో ప్రసిద్ధం. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కాదు, దాదాపు రెట్టింపు వెడల్పున్న 68 మిల్లీమీటర్లది. అందుకే ఈనాటికీ అందులో రాళ్ల గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దాని ప్రింటు ఒకదానికి ఫ్రేము ఫ్రేముకూ చేత్తో రంగు పూశారు.

చేతిరంగును గుర్తుపట్టడం కష్టం కాదు. రంగు మచ్చ సరిహద్దు ఒక ఫ్రేములో గోడ లోపల, మరుసటి ఫ్రేములో గోడ బయట పడుతూ వణుకుతుంది. ఈ వణుకు పోగొట్టడానికి ఫ్రాన్స్‌లో పాతే కంపెనీ స్టెన్సిల్ పద్ధతి తెచ్చింది. ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్మ్ చుట్ట తీసుకుని, ఆ రంగు పడాల్సిన చోటల్లా ఫ్రేము ఫ్రేముకూ కత్తిరించి, దాని మీదుగా రంగు రుద్దేవారు. ఒక్కసారి స్టెన్సిల్ తయారైతే ఎన్ని ప్రింట్లకైనా పనికొస్తుంది. ఇక్కడ రంగు అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉంటాయి, కానీ చెట్టంతా ఒకే పచ్చ, ఇంటికప్పంతా ఒకే ఎరుపు. ఈ రెండు పద్ధతుల్లోనూ రంగు ఎంచింది వర్క్‌షాపులో కూర్చున్న మనిషి. ఆ సముద్రాన్ని ఆ మనిషి చూసి ఉండాల్సిన అవసరమే లేదు.

రంగును నేరుగా కెమెరాతోనే పట్టుకుని వ్యాపారంగా నిలబడిన మొదటి పద్ధతి కినిమాకలర్. బ్రైటన్ ప్రాంతానికి చెందిన జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ దీన్ని రూపొందించగా, చార్లెస్ అర్బన్ వ్యాపారం చూసుకున్నాడు. దీని తొలి చిత్రాల్లో ఒకటి 1908 నాటి ‘ఎ విజిట్ టు ది సీసైడ్’, బ్రైటన్ తీరంలోనే తీసింది. కెమెరాలో ఒక చక్రం తిరుగుతూ ఒక ఫ్రేముకు ఎర్ర ఫిల్టరును, తర్వాతి ఫ్రేముకు ఆకుపచ్చ ఫిల్టరును అడ్డం పెడుతుంది. ఫిల్మ్ మాత్రం నలుపు తెలుపుదే. హాల్లో ప్రొజెక్టరు ముందు కూడా అలాంటి చక్రమే తిరుగుతుంది. ఎర్ర ఫ్రేము, పచ్చ ఫ్రేము వెంటవెంటనే పడితే కన్ను రెండింటినీ కలిపేసుకుంటుంది.

ఇది కుదరాలంటే వేగం కావాలి. సెకనుకు 16 ఫ్రేములు నడిస్తే చాలనుకునే రోజుల్లో కినిమాకలర్ 32 నడిపించింది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు. అంటే సెకనుకు రెండడుగులు, నిమిషానికి 120 అడుగులు. మామూలుగా పావుగంట పైన నడిచే వెయ్యి అడుగుల రీలు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లకే అయిపోతుంది. ఖర్చు రెట్టింపు, ఫిల్మ్ అంచు చిల్లులు చిరగడం కూడా ఎక్కువ. ఆపరేటరు చక్రాన్ని ఒక్క ఫ్రేము తేడాతో మొదలుపెడితే ఎర్ర ఫ్రేము మీద పచ్చ వెలుగు పడుతుంది. పచ్చిక ఎర్రబడి, మొహాలు పచ్చబడతాయి. తెగిన ఫిల్మ్‌ను అతికించేటప్పుడు బేసి సంఖ్యలో ఫ్రేములు పోయినా ఇదే జరుగుతుంది. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారును తీసి, 1912 ఫిబ్రవరిలో లండన్ స్కాలా థియేటర్లో రెండు గంటలకు పైగా చూపించిన కినిమాకలర్ చిత్రం ఈ పద్ధతికి శిఖరం. దానిలో ఇవాళ చిన్న భాగాలే మిగిలాయి.

ఆరు సెంటీమీటర్ల లెక్క

క్లాడ్ తండ్రి విలియం ఫ్రీస్-గ్రీన్ కినిమాకలర్‌కు పోటీగా బయోకలర్ అనే పద్ధతి నడిపాడు. ఆ పోటీలో వచ్చిన కోర్టు తగాదా వల్ల 1914లో కినిమాకలర్ పేటెంటు రద్దయింది. 1921లో విలియం చనిపోయాక కొడుకు ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. తీసే తీరు దాదాపు పాతదే: ఒక్కో ఫ్రేము వంతులవారీగా ఒక్కో ఫిల్టరు గుండా. ప్రింటు దగ్గరే తేడా. వంతులవారీ ఫ్రేములకు ఎర్ర ఛాయ, నీలి ఆకుపచ్చ ఛాయ అద్దేవారు. రంగు ఫిల్మ్ మీదే ఉంది కాబట్టి హాల్లో ప్రత్యేక చక్రం అక్కర్లేదు, మామూలు ప్రొజెక్టరు చాలు. ఫిల్మ్ తెగి అతుకు పడ్డా రంగులు తారుమారు కావు, అతుకు దగ్గర ఒక్క మెరుపు మెరుస్తుందంతే.

అయినా అసలు ఇబ్బంది అలాగే ఉండిపోయింది. ఎర్ర ఫ్రేము, పచ్చ ఫ్రేము ఒకే క్షణానివి కావు. ఈ మధ్యలో కదిలిన వస్తువు రెండు చోట్ల పడుతుంది. ఒక అంచున ఎర్రగీత, రెండో అంచున నీలిపచ్చ గీత వస్తాయి. దీన్ని అంచుచీలిక అనుకుందాం. ఎంత చీలుతుందో లెక్కగట్టి చూస్తే యాత్రా చిత్రాల స్వభావమే బయటపడుతుంది.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీశారనుకుందాం. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య దాదాపు 6 సెంటీమీటర్లు కదులుతాడు. గంటకు 30 కిలోమీటర్లతో వెళ్లే కారైతే 35 సెంటీమీటర్లు. ఇప్పుడు 50 మిల్లీమీటర్ల లెన్సుతో, కెమెరాకు 5 మీటర్ల దూరంలో ఆ మనిషి అడ్డంగా నడిచాడనుకోండి. ఫిల్మ్ మీద అతని బొమ్మ 0.58 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆనాటి ఫ్రేము వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. ఆ బొమ్మను 6 మీటర్ల తెర మీద వేస్తే ఎరుపుకూ పచ్చకూ మధ్య ఎడం 14, 15 సెంటీమీటర్లు అవుతుంది. మనిషి రెండుగా చీలిపోయినట్టే.

అదే లెన్సుతో 200 మీటర్ల దూరంలో సెకనుకు 3 మీటర్లు కదిలే తెరచాప పడవను తీస్తే? ఫిల్మ్ మీద జరిగేది 0.03 మిల్లీమీటర్లు. తెర మీద అది 8 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు దాన్ని పసిగట్టడం కష్టం.

కాబట్టి ఈ రంగుకు సరిగ్గా సరిపడే వస్తువు దూరాన ఉన్న కొండ, రేవులో నిలిచిన పడవ, ఎండలో కూర్చున్న ముసలాయన. కథా చిత్రంలో మనుషులు దగ్గరగా ఉంటారు, చేతులు ఊపుతారు, పరుగెడతారు. అక్కడ ఈ పద్ధతి నిలవలేదు. ప్రకృతి దృశ్యంలో నిలబడింది. క్లాడ్ ఊళ్ల వెంట కారేసుకుని వెళ్లడంలో దేశం మీద ప్రేమ ఉంది, వ్యాపార ఆశ ఉంది. దాంతోపాటు తన రంగు పరువు నిలబడే చోటు అదొక్కటేనన్న తెలివీ ఉందని చెప్పొచ్చు.

తీసే తీరు కూడా ఈ లెక్కకు లోబడే ఉంటుంది. మనుషులను కెమెరాకు అడ్డంగా కాకుండా కెమెరా వైపు నడిపిస్తే బొమ్మ పక్కకు జరిగేది తగ్గుతుంది. కెమెరాను పక్కలకు తిప్పాలంటే చాలా నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే ఊరు ఊరంతా అంచులు చీల్చుకుంటుంది. కదిలే కారు నుంచి తీసినప్పుడు దారి కలిసే మధ్యభాగం స్థిరంగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ చెట్లు ఎరుపు, నీలిపచ్చ గీతలవుతాయి. ఒడ్డున విరిగే అల దగ్గరగా ఉంటే నురుగులో ఇంద్రధనుస్సు ముక్కలు కనిపిస్తాయి. నురుగు తెల్లనిది, కదలిక అన్ని వైపులకూ, అందుకే చీలిక అన్నిటికంటే అక్కడే ముందు తెలుస్తుంది.

పసుపు లేని లోకం

అంచుల సంగతి అటుంచితే, రెండే రంగులతో లోకాన్ని కట్టడంలో మరో పరిమితి ఉంది. ఎర్ర నారింజ వెలుగు, నీలిపచ్చ వెలుగు పాళ్లు మార్చి కలిపితే వచ్చేవన్నీ ఆ రెంటి మధ్య ఒకే గీత మీద పడతాయి. గీతకు ఒక కొస నారింజ, ఇంకో కొస నీలిపచ్చ, నడుమ తెలుపు, బూడిద. నిఖార్సైన పసుపు ఆ గీత మీద లేదు. ఊదా లేదు. ముదురు నీలం లేదు.

ఇంగ్లండుకు అది కొంతవరకు కలిసొచ్చింది. ఇటుక గోడ, ఎండకు కమిలిన చర్మం, లండన్ బస్సు, ఎర్ర పోస్టు డబ్బా, చెక్క పడవ, గోధుమరంగు తెరచాప అన్నీ నారింజ వైపు చక్కగా పడతాయి. సముద్రం, ఆకాశం, దూరపు పచ్చిక నీలిపచ్చ వైపు చేరతాయి. చూసేవాళ్లకు ‘రంగులన్నీ ఉన్నాయి’ అనిపిస్తుంది. నిజానికి సముద్రమూ ఆకాశమూ ఒకే కుండలోని రంగు పంచుకున్నాయి. కార్న్‌వాల్ కొండచరియల మీద విరగబూసే గోర్స్ పొదల పసుపు పాలిపోయి లేత నారింజగానో, తెల్లగానో మిగులుతుంది. ఆగస్టులో స్కాట్లండ్ కొండలను కప్పే హెథర్ పూల ఊదా మట్టిరంగులో కలిసిపోతుంది. స్కాట్లండ్ భాగాల్లో కొండలు ఎందుకంత గోధుమగా ఉన్నాయని ఋతువునే తప్పుపట్టడం తొందరపాటు. కోనసీమ వరిచేను, పసుపు ఆరబోసిన కళ్లం ఈ పద్ధతిలో తీసి ఉంటే కళ్లం పసుపు కనిపించేది కాదు.

వెలుతురు ఇంకో కష్టం. ఫిల్టరు సగానికి పైగా కాంతిని మింగేస్తుంది. మామూలు ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ ఎరుపును అసలు చూడదు కాబట్టి ఎరుపును గ్రహించే పాంక్రొమాటిక్ ఫిల్మే వాడాలి. మబ్బు పట్టిన రోజు పని సాగదు. బ్రిటన్ వాతావరణం ఎరిగినవాళ్లకు ఈ చిత్రాల్లో అన్ని ఊళ్లూ ఎండలోనే ఎందుకు మెరుస్తాయో ఇప్పుడు తెలుస్తుంది. వాన పడే రోజుల ఇంగ్లండు కెమెరాకు అందలేదు, అందుకే మన జ్ఞాపకానికీ అందలేదు.

హాల్లో చూసినవాళ్లకు మిణుకు పెద్ద బాధ. సెకనుకు 24 ఫ్రేములైతే ఎరుపు 12 సార్లు, పచ్చ 12 సార్లు వస్తాయి. కంటికి అది నిలకడైన రంగుగా తోచదు, కొట్టుకుంటూ ఉంటుంది. చిత్రమాల అనుకున్నట్టు సాగకపోవడంలో ఆశ్చర్యం లేదు. క్లాడ్ ఆ తర్వాత మామూలు ఛాయాగ్రాహకుడిగా బ్రిటిష్ సినిమాల్లో పనిచేసి 1943లో చనిపోయాడు.

కంప్యూటరు చేసిన పని, చెయ్యని పని

2000ల మధ్యలో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఈ చిత్రాలను డిజిటల్‌గా పునరుద్ధరించింది. 2006లో బీబీసీలో ఒక ధారావాహిక వచ్చాక అందరికీ తెలిశాయి. మనం ఇప్పుడు చూస్తున్న నిలకడైన రంగు ఆ పునరుద్ధరణలోనిది. 1925లో ఎవరూ దీన్ని ఇంత స్థిరంగా చూడలేదు.

ఇలాంటి రెండు రంగుల నెగటివ్‌ను పునరుద్ధరించే దారి స్థూలంగా ఇలా ఉంటుంది. ప్రతి ఫ్రేమునూ విడిగా స్కాన్ చేస్తారు. బేసి ఫ్రేములు ఒక వరస, సరి ఫ్రేములు ఒక వరస చేస్తారు. ఏ వరస ఎరుపుదో తేల్చుకోవాలి. నలుపు తెలుపు నెగటివ్‌లో ఆ సంగతి రాసి ఉండదు, పైగా ప్రతి అతుకు దగ్గరా మారిపోవచ్చు. ఎర్రదని ఖాయంగా తెలిసిన వస్తువు ఇక్కడ ఆదుకుంటుంది. బ్రిటన్‌లో పోస్టు డబ్బాలు 1870ల నుంచి ఎర్రగా ఉన్నాయి. నెగటివ్‌ను పాజిటివ్‌గా తిప్పాక ఏ ఫ్రేములో డబ్బా తెల్లగా మెరుస్తుందో అది ఎర్ర ఫిల్టరుది, ఏ ఫ్రేములో నల్లబడుతుందో అది రెండోది. డబ్బా లేకపోతే పెదవులు, ఇటుకలు చూడాలి. తర్వాత రెండు వరసల వెలుగునీడలను సమం చేస్తారు, లేకపోతే మిణుకు పోదు. అటుపై కదలికను అంచనా వేసి, పచ్చ ఫ్రేములోని వస్తువును ఎర్ర ఫ్రేము నాటి చోటికి జరుపుతారు. ఒకటో ఫ్రేమును రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో ఇలా గొలుసుగా కలిపితే ఫ్రేముల సంఖ్య తగ్గదు, కదలిక సాఫీగా ఉంటుంది.

నీరు, పొగ, జెండా, గుర్రపు కాళ్ల దగ్గర ఈ అంచనా తప్పుతుంది. అలకు రెండు ఫ్రేముల్లో ఒకే ఆకారం ఉండదు కనుక దేన్ని దేనికి జతచెయ్యాలో లెక్కకు తెలియదు. మంచి పునరుద్ధరణలో కూడా అలల మీద రంగు ముక్కలు మిగలడానికి కారణమిదే. వాటిని లోపంగా కాక సాక్ష్యంగా చూడాలి. అవి ఉన్నాయంటే రంగు నిజంగా కెమెరాలోంచి వచ్చిందన్నమాట.

ఇంట్లోనే ఈ పద్ధతిని పరీక్షించుకోవచ్చు. ఫోనును స్టాండు మీద బిగించి వీధినో, చెరువుగట్టునో పది సెకన్లు వీడియో తీయాలి. అందులోంచి వెంటవెంట వచ్చే రెండు ఫ్రేములను బొమ్మలుగా తీసుకోవాలి. రంగు ఛానళ్లను విడదీయగల ఏ బొమ్మల సాఫ్ట్‌వేరైనా సరే: మొదటి బొమ్మలోని ఎర్ర ఛానల్‌ను తీసి కొత్త బొమ్మకు ఎరుపుగా, రెండో బొమ్మలోని పచ్చ ఛానల్‌ను తీసి కొత్త బొమ్మకు పచ్చగానూ నీలంగానూ, అంటే రెండు చోట్లా పెట్టాలి. వెంటనే 1920ల రంగు కళ్లముందుకు వస్తుంది. అడ్డంగా వెళ్లే ఆటో అంచులు చీలతాయి, దాని పసుపు మాయమవుతుంది, దూరపు కొండ మాత్రం చక్కగా నిలుస్తుంది. ఫోను సెకనుకు 60 ఫ్రేములు తీస్తుంటే చీలిక తక్కువగా కనిపిస్తుంది కాబట్టి 24 లేదా 30కి మార్చి తీయాలి.

మూడు రంగులు, ఆపై గులాబీ

1930ల్లో మూడు పట్టీల టెక్నికలర్ రావడంతో అంచుచీలిక చరిత్రలో కలిసింది. కెమెరాలోని పట్టకం కాంతిని చీల్చి ఒకే క్షణాన మూడు నెగటివ్‌ల మీద వేస్తుంది. ఫిల్మ్ ఖర్చు మూడింతలు: పదకొండు నిమిషాల దృశ్యానికి వెయ్యి అడుగుల చుట్టలు మూడు. ఆ బరువైన కెమెరాను దేశాలు తిప్పిన వాళ్లున్నారు. ఎమ్‌జీఎమ్ పంచిన జేమ్స్ ఫిట్జ్‌పాట్రిక్ ‘ట్రావెల్‌టాక్స్’ 1930లో మొదలై 1954 వరకు వచ్చాయి. 1930ల చివర్లో జాక్ కార్డిఫ్ ఛాయాగ్రహణంలో వచ్చిన ‘వరల్డ్ విండోస్’ చిన్న చిత్రాల్లో భారతదేశంలో తీసినవీ ఉన్నాయి. టెక్నికలర్ ప్రింటులో రంగును అచ్చుగుద్దినట్టు ఒక్కొక్కటిగా ఫిల్మ్ మీదికి ఎక్కించేవారు. ఆ రంగులు చెక్కుచెదరవు. ఎనభై ఏళ్ల ప్రింటులోనూ సముద్రం నీలంగానే ఉంటుంది.

తర్వాతి తరానిది వేరే కథ. 1949లో బ్రిటన్ రవాణా కమిషన్ కింద ‘బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్స్’ ఏర్పడింది. ఎడ్గర్ ఆన్‌స్టీ 1974 వరకు దాన్ని నడిపాడు. రైళ్లు అప్పటికే ప్రభుత్వానివి. జనం రైలెక్కి తీరాలకు, కొండలకు వెళ్లాలన్నది ఉద్దేశం. అయినా అందులో పనిచేసినవాళ్లు ప్రకటన చిత్రాలతో సరిపెట్టుకోలేదు. రాల్ఫ్ కీన్ తీసిన ‘జర్నీ ఇంటు స్ప్రింగ్’ (1957) హాంప్‌షైర్ పల్లె సెల్‌బోర్న్‌లో వసంతం రావడాన్ని చూపుతుంది, ‘బిట్వీన్ ది టైడ్స్’ (1958) ఆటుపోట్ల మధ్య రాళ్ల గుంటల్లోని జీవాలను చూపుతుంది. వీటిలో రైలు దాదాపు కనిపించదు. హాళ్లలో అసలు సినిమాకు ముందు వేసేవారు, 16 మిల్లీమీటర్ల ప్రింట్లను బడులకు, సంఘాలకు అరువిచ్చేవారు. ఆ చిత్రాలు పుట్టిన రోజుల్లో తీరప్రాంతాలకు వెళ్లిన కొన్ని రైలుమార్గాలు ఆ తర్వాత మూతపడ్డాయి. పాడ్‌స్టోకు 1967లో, ఇల్‌ఫ్రాకూంబ్‌కు 1970లో రైలు ఆగిపోయింది.

ఆ దశాబ్దాల రంగు చిత్రాల్లో ఎక్కువ ప్రింట్లు ఈస్ట్‌మన్‌కలర్ మీద తీసినవి. సినిమా పోస్టర్ల మీద ఆ మాట చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు పేరు కొత్తకాదు. 1950లో వచ్చిన ఈ ఫిల్మ్‌లో మూడు రంగు పొరలూ ఒకే పట్టీ మీద ఉంటాయి. టెక్నికలర్ భారీ కెమెరా అక్కర్లేదు, ఖర్చు తక్కువ. కానీ పాత ఈస్ట్‌మన్ ప్రింట్లలో నీలిపచ్చ రంగునిచ్చే పొర అస్థిరమైనది. చీకటి డబ్బాలో కదలకుండా ఉన్నా, వేడికి మెల్లగా పాడవుతుంది. అది పోతే మిగిలేది ముదురు గులాబీ. తెర మీద నీలం రావాలన్నా, ఆకుపచ్చ రావాలన్నా ఆ నీలిపచ్చ పొర ఉండాలి. అంటే ఈ చిత్రాలు దేన్ని చూపించడానికి తీశారో, ఆ సముద్రం, ఆకాశం, పచ్చికే ముందు చచ్చిపోతాయి. మొహాలు ఇంకొన్నాళ్లు నిలుస్తాయి. మన 1960, 70ల రంగుల తెలుగు చిత్రాల పాత ప్రింట్లు గులాబీమయంగా కనిపించడానికీ ఇదే కారణం.

స్కాన్ చేశాక ఎరుపు ఛానల్‌లో వెలుగునీడల తేడాను పెంచి కొంతవరకు సరిదిద్దవచ్చు. పొరలో మిగిలింది ఎంత తక్కువైతే ఆ పెంచడంలో రేణువులు, మచ్చలు అంత పెరుగుతాయి. పూర్తిగా పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఊహించి వేస్తుంది. మూడు రంగులను విడివిడిగా నలుపు తెలుపు ఫిల్మ్ మీద దాచి ఉంటే మాత్రం అసలు రంగు మళ్లీ దొరుకుతుంది, ఎందుకంటే వెండితో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మ ఇలా వెలవదు.

చూస్తూ గుర్తుపట్టడం

ఇంటర్నెట్‌లో పాత ప్రయాణ దృశ్యం కనిపిస్తే ముందు కదిలే అంచులు చూడాలి. ఎరుపు, నీలిపచ్చ జంటగా అంచున వస్తూ, నిలిచిన వస్తువుల దగ్గర లేకుంటే అది రెండు రంగుల కెమెరా చిత్రం. పసుపు, ఊదా ఎక్కడా లేకపోవడం దానికి రెండో రుజువు. ఫ్రేమంతా ఒకే నీలం లేదా ఒకే లేత గోధుమ అయితే మొత్తం ఫిల్మ్‌కు రంగు పట్టించారు. అంతా గులాబీ అయితే వెలసిన ఈస్ట్‌మన్.

ఈమధ్య కృత్రిమ మేధతో రంగు వేసి, సెకనుకు 60 ఫ్రేములకు పెంచి పెట్టే వీడియోలు ఎక్కువయ్యాయి. వాటిలో ఒకే చొక్కా కొన్ని క్షణాలు నీలంగా, కొన్ని క్షణాలు బూడిదగా ఉంటుంది. చేతుల చర్మం రంగు పక్కనున్న గోడ మీదికి పాకుతుంది. బట్టలన్నీ నీలం, గోధుమ మధ్యే ఉంటాయి, ఎర్ర కోటు ధరించిన మనిషిని కూడా అది బూడిద చేస్తుంది. ఆ రంగుకు ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. చూడటానికి బాగున్నా, దాన్ని చరిత్రగా పంచుకోవడం సరికాదు. ఫ్రేములు పెంచినప్పుడు మధ్య ఫ్రేములు కూడా పుట్టించినవే, అలల కదలిక నిజంగా అలా ఉండదు.

అటకమీది రీళ్లు

ఇంగ్లండుకో, అమెరికాకో వెళ్లిన మొదటి తరం తెలుగు కుటుంబాల్లో కొందరి పెట్టెల్లో ఇప్పటికీ 8 మిల్లీమీటర్ల రీళ్లు ఉంటాయి. తీరాల వెంట తీసుకున్న ఆ నిమిషాలకు సంస్థల పునరుద్ధరణ అందదు, ఇంటివాళ్లే చూసుకోవాలి. మంటంటుకునే నైట్రేట్ ఫిల్మ్ గురించి ఇక్కడ భయం అక్కర్లేదు. అది ఎక్కువగా సుమారు 1951 వరకు వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో ఉంటుంది. 2003 జనవరి 8న పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ గోదాములో తగలబడిపోయినవి అలాంటి రీళ్లే. 8, 16 మిల్లీమీటర్ల రీళ్లు ఎక్కువగా అసిటేట్ అనే ప్లాస్టిక్ మీద ఉంటాయి. వాటి శత్రువు వేరు: వెనిగర్ వాసన. అసిటేట్ విరిగి ఎసిటిక్ ఆమ్లం పుట్టి, ఆ ఆమ్లమే ఆ విరగడాన్ని మరింత వేగం చేస్తుంది. 21 డిగ్రీలు, 50 శాతం తేమలో కొత్త అసిటేట్‌లో ఈ వాసన మొదలవడానికి సుమారు 40 ఏళ్లు. ప్రతి 5, 6 డిగ్రీల వేడికీ ఆ గడువు దాదాపు సగమవుతుంది. విజయవాడ అటక మీద ఎంత కాలం మిగులుతుందో ఊహించుకోవచ్చు.

డబ్బా తెరవగానే వాసన వస్తే ఆ రీలును మిగతావాటి నుంచి వేరుచేయాలి. నీలం నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకు మారే ఆమ్ల పరీక్ష పట్టీని డబ్బాలో ఒక రోజు ఉంచితే ఎంత ముదిరిందో తెలుస్తుంది. సూపర్ 8 రీలుకు అంచున గోధుమరంగు అయస్కాంత పట్టీ ఉంటే, అందులోని ఇనుప ఆక్సైడు అసిటేట్ విరగడాన్ని తొందరపెడుతుంది కాబట్టి దాన్ని ముందు స్కాన్ చేయించాలి. తెల్లటి బూజు కనిపిస్తే నీటితో అసలు తుడవకూడదు. బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగి బొమ్మే ఊడివస్తుంది.

పాత ప్రొజెక్టరు మీద ఒక్కసారి నడిపి చూద్దామనే కోరిక సహజం. ఫిల్మ్ ఒక శాతం దాకా కుంచించుకుపోయి ఉంటే పళ్లు చిల్లుల్లో కుదరక వరసగా చింపేస్తాయి. పళ్లచక్రం లేకుండా ఫ్రేము ఫ్రేముకూ తీసే స్కానరున్న చోటే ఇవ్వాలి. గోడ మీద వేసి కెమెరాతో మళ్లీ తీసే పని వద్దు, మిణుకూ మసకా రెండూ చేరతాయి. 8 మిల్లీమీటర్లకు 2కే స్పష్టత చాలు. చిల్లులు, అంచు గుర్తులు కూడా పడేలా కాస్త వెడల్పుగా, రంగు దిద్దని ఫైలుగా ఇవ్వమని అడగాలి. దిద్దిన ప్రతి కావాలంటే విడిగా తీసుకోవచ్చు. వేగం ముందే చెప్పాలి: పాత 8 మిల్లీమీటర్లకు సెకనుకు 16, సూపర్ 8కి 18. యాభై అడుగుల సూపర్ 8 రీలు 3 నిమిషాల 20 సెకన్లు రావాలి. తిరిగొచ్చిన ఫైలు రెండున్నర నిమిషాలే ఉంటే దాన్ని 24 వేగంతో నడిపేశారు, అందుకే మనుషులు పరుగెడుతున్నట్టుంటారు.

కోడాక్ ఫిల్మ్ అంచున వృత్తం, చదరం, త్రిభుజం గుర్తులు తయారైన ఏడాదిని చెబుతాయి. అవి ఇరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కనుక రెండు, మూడు ఏళ్లు సాధ్యపడతాయి. సూపర్ 8 మొదలైంది 1965లో కాబట్టి అంతకు ముందున్న ఏళ్లను కొట్టేయవచ్చు. మిగిలినవాటిలో ఏదో తేల్చడానికి దృశ్యంలోని కార్లు, దుకాణాల బోర్డులు, డబ్బా మీది చేతిరాత చూడాలి. స్కాన్ అయ్యాక రీళ్లను పారెయ్యకూడదు. సిలికా జెల్‌తో రెండు సంచుల్లో గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ఒక రోజు సంచి విప్పకూడదు, లేకపోతే ఫిల్మ్ మీద తడి పేరుకుంటుంది.